పేడపురుగుల చరిత్ర

ఆవుపేడ నేలపై పడిన కొద్దిసేపటికే నల్లని పురుగులు దానిపై వాలుట పల్లెలలో పెరిగినవారందరూ చూచినదే. తెలంగాణమున వీటిని పెండపురుగులు అందురు. వీటిలో కొన్ని పేడను ఉండగా చేసి వెనుకకాళ్లతో దొర్లించుకొని పోవును. కొన్ని పేడక్రిందనే సొరంగము త్రవ్వి దానిని లోనికి దింపుకొనును. మరికొన్ని పేడలోనే కాపురముండును.

ప్రాచీన ఈజిప్టువారు ఉండను దొర్లించు పురుగునందు సూర్యుని నడిపించు ఖెప్రి దేవుని చూచిరి. దొర్లిపోవు ఉండలో పురుగు గ్రుడ్డు ఉండునని లోకము చాలకాలము నమ్మెను. ఫ్రాన్సు దేశపు ఉపాధ్యాయుడు జాన్ హెన్రీ ఫాబ్రే (1823–1915) ఆ ఉండలను విప్పి చూచెను. అది తిండి మాత్రమే! గ్రుడ్డు ఉండునది భూమిలో తల్లి మలచిన బేరిపండు ఆకారపు ముద్దలో, దాని సన్నని మెడలో. మెడకు గాలి అందును; లావుపాటి అడుగు తడి ఆరక నిలుచును.

1931లో గిల్బర్ట్ జాన్ ఆరో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో ఒక సంపుటమును వీటికే కేటాయించెను. మనదేశమున భూమిలో దొరికిన గుండ్రని గట్టి ముద్దలను పూర్వము కొందరు పాత ఫిరంగి గుండ్లనుకొనిరి. ఒకటి పగిలినప్పుడుగాని అవి హీలియోకాప్రిస్ అను పెద్ద పేడపురుగు కట్టిన ఉండలని తెలియలేదు.

వీటి విలువను బాగుగా తెలిపినది ఆస్ట్రేలియా. 1788లో ఆంగ్లేయులు అక్కడికి ఆవులను తెచ్చిరి. స్థానిక పురుగులు కంగారూల ఎండు పెంటికలకు అలవడినవి. తడిపేడను అవి అంతగా ముట్టలేదు. పేడ నెలల తరబడి పేరుకొని గడ్డిని చంపెను, ఈగలను పెంచెను. హంగేరీలో పుట్టిన జార్జ్ బోర్నెమిస్సా సూచనపై 1965లో పథకము మొదలయ్యెను. ఆఫ్రికా, ఐరోపాలనుండి తెచ్చి, 1968 మొదలుకొని సుమారు 43 జాతులను విడిచిరి. 23 వరకు నిలద్రొక్కుకొనెను. పేడ పైననే ఎండినచో అందలి నత్రజని కొంత అమ్మోనియాగా గాలిలో కలియును. పురుగు పూడ్చినచో అది వేళ్లకు అందును. సొరంగములగుండా వాననీరు ఇంకును.

ఇక మన నార్సింగి సంగతి చూడుడు. గండిపేట చెరువుకు దిగువన, మూసీ దాపున, పశువులు మేసిన బీళ్లలో నేడు ఎత్తైన భవనములు లేచినవి. తారురోడ్డుపై పడిన పేడను ఏ పురుగు పూడ్చగలదు? అది ఎండి దుమ్మై పోవును. మరొక ముప్పు మందులవలన వచ్చినది. 1981లో పశువైద్యమునకు వచ్చిన ఐవర్‌మెక్టిన్ పేడలో మిగిలి, దానిని తిను పిల్లపురుగులను చంపును. ఆ మందు ఇచ్చిన పశువుల పేడ చెదరక నిలిచెనని 1987లో బ్రిటనులో వాల్, స్ట్రాంగ్ అను శాస్త్రజ్ఞులు చూపిరి.

విద్యార్థులారా, మిగిలిన బీటిలో ఒక పేడకుప్పకు గుర్తు పెట్టుడు. మరునాడు పుల్లతో ఎత్తి చూడుడు. క్రింద రంధ్రములు, ప్రక్కన క్రొత్తమన్ను కనబడినచో ఆ నేల ఇంకను పనిచేయుచున్నదని తెలిసికొనుడు. పరదేశమువారు సముద్రములు దాటించి తెచ్చుకొన్న పనివారిని మనము ఇంటిలోనే పోగొట్టుకొనరాదు.