తుంగభద్ర యొడ్డున ఓటు

మంత్రాలయ మనఁగానే రాఘవేంద్రస్వామివారి బృందావనమే స్ఫురించును. నేఁడు నేను చెప్పఁబోవునది ఆ యూరి యోటును గూర్చి.

ఒకప్పుడు ఈ గ్రామము బళ్లారి జిల్లా ఆదవాని తాలూకాలోనిది. 1937 ఎన్నికలలో ఓటునకు ఆస్తియో, పన్నో, చదువో కావలసి యుండెను. 1952లో 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషు లందఱికిని ఓటు దక్కెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడఁగా ఆదవాని కర్నూలు జిల్లాలోఁ జేరెను.

మంత్రాలయము ప్రత్యేక నియోజకవర్గమై 2009లోఁ దొలిసారి తెలుగుదేశము పక్షమున బాలనాగిరెడ్డిగారిని గెలిపించెను. 2014, 2019, 2024లలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున ఆయననే గెలిపించెను. 2024లో రాష్ట్రమందలి 175 స్థానములలో 164 ఎదుటి కూటమికి దక్కినను ఇచ్చటి తీర్పు మాఱలేదు. జెండాకంటె మనిషిని నమ్ముటయే యిచ్చటి మొగ్గని నా యూహ.

అయితే వానలు తప్పిన యేట కోసిగి, కౌతాళము పల్లెల కుటుంబములు సుగ్గి యని గుంటూరు మిరపచేలకుఁ గూలికిఁ బోవును. ఉపాధ్యాయుఁడనై పోలింగు విధులలోఁ గూర్చున్నపుడు, జాబితాలోఁ బేరుండియు మనిషి రాని గడులను నేఁ జూచితిని. దానిని ఉదాసీనత యనుట న్యాయము కాదు. నాఁడు ఆస్తి లేనివానికి ఓటు లేదు. నేఁడు ఓటున్నను, పొట్టకూటికై దూరమేఁగినవానికి అది యందదు. ఊరిలోనే పని దొరకిననాఁడు గదా ఊరి తీర్పు సంపూర్ణమగుట!