కిల్వా బంగారం



క్రీస్తు శరీర రక్తముల పండుగ నాడు దివ్యసత్ప్రసాద ఊరేగింపులో గురువు రెండు చేతులా ఎత్తి పట్టుకుని నడిచే పాత్రను మీరంతా చూసే ఉంటారు. దాన్ని మాన్‌స్ట్రెన్స్ అంటారు. చూపించడం అనే అర్థమున్న లాటిన్ మాటనుంచి పుట్టిన పేరది. లోపలున్న ప్రభువును చూపించడం తప్ప దానికి వేరే పని లేదు.

మొదటి క్రైస్తవులకు ఇలాంటి పాత్ర లేదు. అప్పం తినడానికే. మిగిలింది రోగుల కోసం మూత ఉన్న పెట్టెలో దాచేవారు. 13వ శతాబ్దంలో కళ్ళారా చూడాలన్న ఆశ జనంలో బలపడింది. లియేజ్ పట్టణపు కన్యాస్త్రీ జూలియానా పట్టుదలతో అక్కడి పీఠాధిపతి 1246లో ఈ పండుగను ప్రకటించారు. ఒకప్పుడు అదే లియేజ్‌లో పనిచేసిన గురువు తర్వాత నాలుగవ అర్బన్ పోపుగారై, 1264లో దాన్ని శ్రీసభ అంతటికీ ఇచ్చారు. ఊరేగింపులు మొదలయ్యాక పాత్ర కావలసి వచ్చింది. పునీతుల అవశేషాలుంచే గాజు పెట్టెలను చూసి కంసాలులు దీన్ని చేశారు. తొలిరోజుల్లో గుడి గోపురంలా ఉండేది. సూర్యకిరణాల రూపం తర్వాత వచ్చింది.

అలాంటి పాత్రల్లో ఒకటి నన్ను చాలాకాలంగా వదలడం లేదు. పోర్చుగల్ రాజు మాన్యుయేల్ చేయించిన బెలేం పాత్ర. 1506లో పూర్తయింది. చేసినవాడు జిల్ విసెంటె అంటారు. నడుమ గాజు, దాని చుట్టూ మోకరించిన పన్నెండుమంది అపోస్తలులు, పైన పావురం రూపంలో పవిత్రాత్మ, ఆపైన తండ్రి దేవుడు. అంతా బంగారమే.

ఆ బంగారం ఎక్కడిదో దాని పీఠం మీదే చెక్కి ఉంది: కిల్వా కప్పం. కిల్వా తూర్పు ఆఫ్రికా తీరంలోని ముస్లిం నగరం, నేటి టాంజానియాలో ఉంది. 1502లో వాస్కో డ గామా రెండోసారి మన దేశానికి వస్తూ అక్కడ ఆగాడు. ఊరిని ధ్వంసం చేస్తానని బెదిరించి కప్పం వసూలు చేశాడు. అదే ప్రయాణంలో, మలబారు తీరం దగ్గర, మక్కానుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను మనుషులతో సహా తగలబెట్టించాడు. వందలమంది. ఆడవాళ్ళు, పసిపిల్లలు కూడా. 1505లో పోర్చుగీసువారు కిల్వాను దోచుకున్నారు. మరుసటి ఏడు పాత్ర సిద్ధమైంది.

రాజు దాన్ని దాచలేదు సరికదా, గర్వంగా చెక్కించాడు. నన్ను కలచివేసేది అదే. మత్తయి 27వ అధ్యాయంలో యూదా విసిరేసిన వెండి నాణేలను ప్రధానార్చకులు కానుకల పెట్టెలో వేయలేదు. అది రక్తపు వెల అన్నారు. ప్రభువును కొన్నవాళ్ళకే అంత జంకు ఉంది!

అలాగని ఆ కంసాలి భక్తిని నేను అబద్ధమనలేను. మోకరించిన ఆ అపోస్తలులను చూస్తే ఎవరూ అనలేరు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన గుడిలోని పాత్ర ఇత్తడిది, పూత వెలిసిపోయింది. ఈమధ్య ఒక పెద్దమనిషి వచ్చి వెండిది చేయిస్తానన్నారు. పీఠం మీద ఆయన తండ్రిగారి పేరు ఉండాలట. ఆయన వడ్డీకిచ్చే మనిషి. ఆయన దగ్గర పుస్తెలు తాకట్టు పెట్టిన ఇద్దరు తల్లులు ఆదివారం పూజలో ముందు వరుసలో కూర్చుంటారు. పండుగకు ఇంకా మూడు వారాలుంది. నేనాయనకు ఇంకా జవాబు చెప్పలేదు.