దంతం దాటిపోయిన ఊరు

ఆమదాలవలస, సరుబుజ్జిలి నడుమ పొలాల్లో ఒక మట్టికట్ట ఉంది. కొత్తవాళ్ళు చెరువుగట్టు కాబోలనుకుంటారు. మావాళ్ళు దంతవక్త్రుని కోట అంటారు. ఊరు దంతపురం.

క్రీ.శ. 150 ప్రాంతంలో భూగోళకారుడు టాలెమీ అలెగ్జాండ్రియాలో కూర్చుని లోకంలోని రేవులన్నీ లెక్కగడుతూ, ఈ తీరంలో పలూర అనే పట్నం పేరు రాశాడు. ఆ దాపునే ఓడలు ఒడ్డు విడిచి, నడిసముద్రానికి తిరిగి స్వర్ణభూమికి, అంటే ఆగ్నేయాసియా వైపు, సాగేవట. ఫ్రెంచి పండితుడు సిల్వాన్ లెవి 1925లో ఆ పేరు విప్పాడు. పల్, ఊర్. పళ్ళ ఊరు. అంటే దంతపురం. అది పూరీ అనేవాళ్ళున్నారు, గంజాం దగ్గరి పాలూరు అనేవాళ్ళూ ఉన్నారు. నా మనసు మాత్రం ఈ మట్టికట్టను వదలదు.

ఇక్కడా, వంశధార ఒడ్డున శాలిహుండంలోనూ తవ్వకాల్లో ఒక రకం పళ్ళేల పెంకులు దొరికాయి. నున్నటి బూడిదరంగు, పలచటి అంచు. లోపల అడుగున చుట్లు చుట్లుగా నువ్వుగింజంతేసి గాట్లు. సారె తిరుగుతుండగా సన్నటి రేకు ఆనిస్తే, అది అదురుతూ వేసిన గాట్లవి. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్విన పురావస్తు పండితుడు వీలర్ ఇంత నాజూకు పని రోము వైపు నుంచే వచ్చిందనుకున్నాడు. తరవాత మట్టిని పరీక్షించారు. మన దేశపు మట్టే! ఆ పళ్ళేలు అటు ఈజిప్టు రేవు బెరెనికెలోనూ, ఇటు బాలి దీవిలోనూ బయటపడ్డాయి. మన కుమ్మరి చేతిపనిని ఇన్నాళ్ళూ పరాయివాడి ఖాతాలో రాసుకున్నామే అని ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

ఈ సముద్రపు బేరంలో ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోము సొమ్ము ఇండియాకు పోతోందని రోములో రచయిత ప్లినీ వాపోయాడు. భీమిలి దారిలో తొట్లకొండ విహారంలో రోము వెండి నాణేలు దొరికాయి.

3వ శతాబ్దానికి రోము నాణెంలో వెండి కరువైంది. పడమటి బేరం సన్నగిల్లింది. మరో నూరేళ్ళకు, పాళీ కావ్యం దాఠావంశం చెప్పే కథ ప్రకారం, దంతపురం మీదికి శత్రువులొచ్చారు. రాజు గుహశివుడు యుద్ధంలో పడిపోయాడు. కూతురు హేమమాల, ఊళ్ళో పూజలందుకుంటున్న బుద్ధుడి దంతాన్ని కొప్పులో దాచుకుని, భర్తతో మారువేషంలో సింహళానికి ఓడెక్కింది.

సింహళంలోని క్యాండీలో ఆ దంతం పేరిట ఏటా ఏనుగులతో ఊరేగింపు. ఇక్కడ వానాకాలం వస్తే కట్ట మీది మట్టి కొంచెం కొంచెంగా పొలాల్లోకి జారుతుంది.