నాణెముల అరుగుదల చెప్పు చరిత్ర

గుంటూరు మిరప యార్డులో కాయ రంగును, తేమను చూచి సరకుకు ధర కట్టుదురు. పత్తికి పింజ పొడవును చూతురు. పాత నాణెములకును ఇట్టి తరగతులు కలవు. అక్కడ ముఖ్యముగా చూడవలసినది ఒక్కటే: అచ్చు పడిన తరువాత నాణెము ఎంత అరిగినది?

ఈ ప్రశ్న చరిత్రకు ఎట్లు ఉపకరించునో నెల్లూరు ప్రాంతపు కథ ఒకటి చెప్పును. అలెగ్జాండర్ డేవిడ్సన్ మద్రాసు గవర్నరుగా ఉన్న 1785-86 కాలములో ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలికి ఇటుక కట్టడము తగిలినది. త్రవ్వి చూడగా చిన్న దేవాలయ శిథిలములును, వాటి క్రింద ఒక ముంతలో క్రీ.శ. రెండవ శతాబ్దపు రోమను బంగారు నాణెములును బయటపడినవి. రైతు వాటిని పాత బంగారముగా అమ్మివేసెను. చాలవరకు కరగిపోయి ఉండవలెను. అమీరుల్ ఉమరా నవాబు ముప్పదికి పైగా తిరిగి సంపాదింపగలిగెను. వానిలో డేవిడ్సన్ రెండింటిని ఎంచుకొనెను. ఆయన లేఖ 1790లో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ రెండవ సంపుటమున వెలువడినది.

కొన్ని నాణెములు నిన్ననే టంకశాల నుండి వచ్చినట్లున్నవనియు, కొన్ని బాగుగా చెడి, రంధ్రములు పడి ఉన్నవనియు ఆయన వ్రాసెను. క్రొత్తవి చేతులు మారలేదనియు, రంధ్రములున్నవి ఆభరణములుగా ధరింపబడినవనియు ఊహించెను. మన కాసుల పేరు ఎరిగినవారికి ఇది వింత కాదు. ఒకే ముంతలోని బంగారము రెండు విధముల బ్రతికినదని తెలిపినది దాని బరువు కాదు, దాని స్థితియే.

నేటి సేకరణకర్తలు ఈ స్థితికి పేర్లు పెట్టినారు. క్రింది నుండి పైకి పూర్, ఫెయిర్, గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్‌స్ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అనునవి ముఖ్యమైనవి. ‘గుడ్’ అనగా మంచిదని భ్రమపడరాదు. అది బాగుగా అరిగి, బొమ్మ రూపురేఖలు మాత్రమే మిగిలిన నాణెము. 1949లో విలియం షెల్డన్ అను అమెరికను 1 నుండి 70 వరకు అంకెల కొలబద్దను ఏర్పరచెను. అందులో ‘గుడ్’ స్థానము 4, ‘ఫైన్’ 12, చలామణి కానివి 60కి పైన. ‘ప్రూఫ్’ అనునది తరగతి కాదు, ప్రత్యేకముగా అచ్చువేయు పద్ధతి.

అరుగుదల మొదట ఎత్తైన చోట్ల కనబడును: జుట్టు, చెంప, చెవి. అక్షరములు లేనంతమాత్రమున నాణెము అరిగినదనరాదు. శాతవాహనుల సీసపు నాణెములలో అచ్చు ప్రక్కకు పడుటచేత కొన్ని అక్షరములు బిళ్ళ వెలుపలనే పోయినవి. అది తయారీలోని లోపము.

వినుకొండలో దొరికిన రోమను బంగారు నాణెములు టైబీరియస్ కాలము మొదలు కారకల్లా కాలము వరకు, అనగా సుమారు రెండు శతాబ్దములకు చెందినవి. ఇట్టి నిధిలో పాతవి ఎక్కువ అరిగియున్నచో అవి చాలకాలము చేతులు మారినవనవచ్చును. పాతవియు క్రొత్తవియు సమానముగా నిగనిగలాడుచున్నచో పాతవి ఎక్కడనో దాచబడి ఉండవలెను. ఆ నాణెములను ఎవరైన తోమినచో ఈ సాక్ష్యము శాశ్వతముగా పోవును.

అందువలన పాత నాణెమును చింతపండుతో తోమరాదు. అందలి ఆమ్లము మురికినే గాక లోహమును సైతము తినును. సీసపు నాణెములపై తెల్లని పొడి తరచు సీసపు కార్బొనేటు. చెక్కపెట్టెలోని ఆమ్ల ఆవిరులు దానిని పెంచును. నాణెమును అంచులతో పట్టుకొని, పొడిగా ఉంచవలెను. భూమిలో నిక్షేపము దొరికినచో, దాని విలువ పది రూపాయలకు మించినయెడల, 1878 నాటి చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను.

ఉపాధ్యాయులు ఒకే రకపు రూపాయి నాణెములు పదింటిని సేకరించి, సంవత్సరములను కప్పి, భూతద్దముతో అరుగుదల ననుసరించి విద్యార్థులచేత వరుసలో పెట్టింపవచ్చును. పిమ్మట సంవత్సరములతో పోల్చి చూచిన, పాతది ఎల్లప్పుడు ఎక్కువ అరిగినది కాదని వారికే తెలియును. వయస్సు వేరు, వాడుక వేరు. ఈ భేదమును గుర్తించుటయే నాణెమును చదువుటకు మొదటి మెట్టు.