వీడియో చూసి పళ్ల డాక్టర్ కావొచ్చా..? డెంటల్ స్టూడెంట్స్‌కు ఈ-లెర్నింగ్ ఎంతవరకు పనికొస్తుందంటే..

పిప్పి పన్నుకు సిమెంట్ పెట్టించుకోవడానికి వెళ్లి కుర్చీలో పడుకుంటాం. నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరిగే డ్రిల్ నోట్లోకి వస్తుంది. దాన్ని పట్టుకున్న చేయి ఆ పని ఎలా నేర్చుకుంది? వీడియో చూసా, చేసి చూసా? పంటి పైపొర ఎనామిల్ ఒకసారి పోతే మళ్లీ పెరగదు. అందుకే ఈ ప్రశ్న పేషెంట్లకూ ముఖ్యమే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే డెంటల్ కాలేజీల క్లాసులు ఫోన్లలోకి వచ్చేశాయి. థియరీ ఎలాగోలా గడిచింది. చిక్కంతా ప్రాక్టికల్స్ దగ్గరే వచ్చింది.

మామూలుగా ఎలా నేర్పిస్తారు?

బీడీఎస్ ఫస్టియర్‌లో మైనం దిమ్మలను చెక్కి పంటి ఆకారాలు తయారు చేస్తారు. సెకండియర్‌లో 'ఫాంటమ్ హెడ్' మీద ప్రాక్టీస్ ఉంటుంది. అంటే ప్లాస్టిక్ పళ్లు బిగించిన బొమ్మ తల అన్నమాట. ఇది కొత్తదేమీ కాదు. 1894లోనే ఓస్వాల్డ్ ఫెర్గస్ దీన్ని పరిచయం చేశారు. థర్డియర్ నుంచి పేషెంట్ల దగ్గరికి పంపిస్తారు.

వీడియోతో లాభం ఏంటి?

నోరు చాలా చిన్న చోటు. ఒక్క సార్ డెమో చూపిస్తుంటే చుట్టూ పాతిక మంది మూగుతారు. వెనక నిలబడ్డవాళ్లకు సార్ భుజం తప్ప ఏమీ కనిపించదు. అదే కెమెరాను పంటికి దగ్గరగా పెట్టి తీస్తే అందరికీ ఒకేలా కనిపిస్తుంది. డ్రిల్ ఎంత వాల్చారు, వేలు ఎక్కడ ఆనించారు, ఎక్కడ ఆపారు.. అన్నీ ఆపి ఆపి చూడొచ్చు. రాత్రి హాస్టల్‌లో మళ్లీ చూసుకోవచ్చు.

పని క్రమం, పరికరాల పేర్లు, ఎక్స్‌రే చదవడం, మత్తు ఇంజెక్షన్‌కు గుర్తులు ఎక్కడుంటాయో తెలుసుకోవడం.. ఇలాంటివి ఈ-లెర్నింగ్‌తో బాగానే వస్తాయి. పాఠం ముందే చూసి వస్తే ల్యాబ్ టైమ్ అంతా చేతి పనికే మిగులుతుంది.

మరి ఏది రాదు?

చేతికి తెలిసే స్పర్శ. ఎనామిల్ గట్టిగా ఉంటుంది, లోపలి డెంటిన్ కాస్త మెత్తగా ఉంటుంది, పుచ్చిన భాగం ఇంకా మెత్తన. ఆ తేడా స్క్రీన్ మీద కనిపిస్తుందే తప్ప చేతికి తెలియదు. పైగా పై దవడ పళ్లను చాలాసార్లు చిన్న అద్దంలో చూస్తూ చేయాలి. అద్దంలో చూస్తూ కాగితం మీద పేరు రాయమంటే చేయి ఎలా తడబడుతుందో ఇదీ అంతే. ప్రాక్టీస్ తప్ప వేరే దారి లేదు.

వైద్య విద్యలో జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన నాలుగు మెట్లు ఇక్కడ బాగా సరిపోతాయి. తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపించడం, నిజంగా పనిలో చేయడం. వీడియో మొదటి రెండు మెట్లు ఎక్కిస్తుంది. మిగతా రెండూ చేయే ఎక్కాలి.

సిమ్యులేటర్లు ఏం చేస్తాయి?

మధ్యలో ఉన్న గ్యాప్‌ను కొంత పూడ్చేవి ఇవే. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ డెంటల్ స్కూల్ యాక్టాతో కలిసి మూగ్ కంపెనీ తయారుచేసిన 'సిమోడాంట్' అలాంటిదే. త్రీడీలో కనిపించే పంటిని తొలుస్తుంటే చేతికి ఆ గట్టిదనం తగులుతుంది. తప్పు చేస్తే మళ్లీ మొదలుపెట్టొచ్చు, ప్లాస్టిక్ పన్ను ఖర్చు ఉండదు. కాకపోతే మెషీన్ ధర ఎక్కువ, అన్ని కాలేజీలూ కొనలేవు.

ఖర్చు లేని దారి కూడా ఉంది

ఫాంటమ్ హెడ్ మీద చేసిన పంటిని స్టూడెంట్ ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టాలి. ముందు తన తప్పులు తనే రాయాలి. ఆ తర్వాత సార్ ఫొటో మీదే గుర్తు పెట్టి చెప్పాలి. లోతు ఎక్కువైందా, పక్క పంటికి గీత పడిందా అన్నది అక్కడే తేలిపోతుంది. ఎవరూ తప్పు చూపించకపోతే వంద వీడియోలు చూసినా అదే తప్పు చేతికి అలవాటైపోతుంది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి.. ముందు వీడియో, తర్వాత బొమ్మ తల, సార్ దిద్దుబాటు, చివరికే పేషెంట్. డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో స్టూడెంట్ చేతిలో వైద్యం చేయించుకునేవాళ్లు "సార్ ఒకసారి చూశారా?" అని మొహమాటం లేకుండా అడగొచ్చు. అది పేషెంట్ హక్కు, స్టూడెంట్‌కూ మంచిదే.