ఊళ్లు మారే వెనకవరస ఆటగాడు

కోవిల్‌పట్టిలో కుర్రాడి భుజాన కర్ర కనిపిస్తే అది హాకీ స్టిక్కేనని చెప్పేయొచ్చు. నల్లరేగడి నేల, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు, 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పల్లీ మిఠాయి, వీటికి తోడు హాకీ. ఆ ఊరి పేరు లోకానికి తెలిసింది వీటివల్లే. అటు విరుదునగర్ దాకా చూసినా ఫుట్‌బాల్‌కు ఇంత మోజు లేదు. అయినా 2018లో చెన్నై జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు దానికి కెప్టెన్‌గా ఉన్న పోర్చుగీసు డిఫెండర్ బతుకు ఈ ప్రాంతం వాళ్లకు వింతగా తోచదు. పని దొరికిన ఊరికి పోవడం, ఆ పని తీరాక ఇంకో ఊరు చూసుకోవడం ఇక్కడ తరతరాలుగా ఎరిగిన సంగతే.

ఆయన పేరు హెన్రిక్ సెరెనో. 1985 మే 18న ఎల్వాస్‌లో పుట్టాడు. స్పెయిన్ సరిహద్దును కాపాడటానికి కట్టిన కోటల ఊరు అది. నక్షత్రం ఆకారపు బురుజులు, వాటి చుట్టూ లోతైన కందకాలు ఉన్న ఆ ఊరికి 2012లో యునెస్కో వారసత్వ హోదా ఇచ్చింది. డిఫెండర్ పుట్టాల్సిన ఊరే! సొంతూరి క్లబ్బు ఓ ఎల్వాస్‌లో ఆట మొదలుపెట్టి, ఉత్తరాదికి వెళ్లి విటోరియా గిమరాయిష్ జట్టులో నిలదొక్కుకున్నాడు. కింది డివిజన్ నుంచి అప్పుడే పైకొచ్చిన ఆ జట్టు 2007-08లో ఏకంగా మూడో స్థానం పట్టింది. సెరెనో ఎక్కువకాలం ఒకచోట ఉన్నాడంటే అది అక్కడే.

ఆ తర్వాత ఇక తిరుగుడే. 2010 మొదట్లో లోన్ మీద స్పెయిన్‌లోని వయాడొలిడ్‌కు వెళ్లాడు. ఆ సీజన్ చివర్లో ఆ జట్టు కింది డివిజన్‌కు జారిపోయింది. వేసవి రాగానే పోర్టో పిలిచింది. 2010-11 పోర్టో మామూలు జట్టు కాదు. లీగ్‌లో 27 గెలుపులు, 3 డ్రాలు, ఓటమి అన్నది లేదు. 2011 మే 18న డబ్లిన్‌లో బ్రాగాను 1-0తో ఓడించి యూరోపా లీగ్ కూడా ఎగరేసుకుపోయింది. సెరెనోకు ఇరవై ఆరేళ్లు నిండింది ఆ రోజే. కానీ సెంటర్ బ్యాక్ స్థానాల్లో రోలాండో, ఒటమెండి పాతుకుపోయి ఉండటంతో ఆయనకు దక్కిన మ్యాచ్‌లు తక్కువ. మళ్లీ లోన్, ఈసారి జర్మనీలోని కొలోన్‌కు. 2012లో కొలోన్ కూడా కింది డివిజన్‌లో పడింది. ఆపైన వయాడొలిడ్ ఇంకోసారి, తుర్కియేలో కైసెరిస్పోర్, మళ్లీ జర్మనీ వచ్చి మైన్జ్.

ఒక చేతిలో యూరప్ కప్పు, ఇంకో చేతిలో జారిపోయిన జట్ల లెక్క. ఇలాంటి ఆటగాణ్ణి విఫలుడు అనేస్తే తప్పు. ఫార్వర్డ్ కొట్టిన గోల్స్ లెక్కకు వస్తాయి, డిఫెండర్ పడనివ్వని గోల్స్‌ను లెక్కపెట్టేవాడు ఉండడు. అందుకే మధ్యస్థాయి డిఫెండర్‌కు ధర పెరగదు. కానీ ప్రతి సీజన్‌లోనూ ఏదో ఒక జట్టుకు వెనకవరసలో కన్నం పడుతుంది, అది పూడ్చడానికి అనుభవమున్న మనిషి కావాలి. ఆ అవసరమే సెరెనోలాంటి వాళ్ల జీవనాధారం.

దీనికి చట్టం కూడా తోడైంది. కాంట్రాక్టు ముగిసినా కొత్త క్లబ్బు డబ్బు చెల్లించేదాకా పాత క్లబ్బు ఆటగాణ్ణి వదలని రోజులుండేవి. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ కోర్టుకెక్కాడు. 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్లు గడువు తీరగానే చేతులూపుకుంటూ మరో క్లబ్బుకు వెళ్లిపోవచ్చు. పేరున్న వాళ్ల జీతాలు ఆకాశానికి ఎక్కాయి. మిగతావాళ్లకు స్వేచ్ఛయితే దొరికింది గానీ, దాంతోపాటే ఏటా పెట్టే సర్దుకునే పనీ వచ్చిపడింది.

అలా సర్దుకున్న పెట్టెలు కొన్ని మన దేశంలో దిగాయి. 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ తొలి మూడేళ్లూ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అంటే మూడు నెలల్లోపే ముగిసిపోయేది. అప్పటికి యూరప్‌లో సీజన్ మంచి ఊపులో ఉంటుంది కనుక, ఇక్కడికి వచ్చేది ఆట చివరి దశకు చేరిన పెద్ద పేర్లో, కాంట్రాక్టు లేకుండా ఖాళీగా ఉన్నవాళ్లో. 2016లో సెరెనో కోల్‌కతా జట్టు ఏటీకేలో చేరాడు. ఆ డిసెంబర్ 18న కొచ్చిలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ తరఫున మహమ్మద్ రఫీ ముందు గోల్ కొట్టాడు. సొంతగడ్డ మీద జనం ఇంకా ఊగిపోతుండగానే, 44వ నిమిషంలో వచ్చిన కార్నర్‌ను సెరెనో తలతో లోపలికి కొట్టి 1-1 చేశాడు. పెనాల్టీల్లో కోల్‌కతా 4-3తో గెలిచింది. ఆయన పేరు మన దేశంలో నలుగురికీ తెలిసింది ఆ ఒక్క గోల్‌తోనే.

తమిళ దేశానికి వచ్చిన మొదటి హెన్రిక్ ఆయన కాదు. హెన్రిక్ హెన్రికెస్ అనే జెస్యూట్ పాద్రి 1520లో విలా విసోజాలో పుట్టాడు. ఎల్వాస్‌కు నలభై కిలోమీటర్ల లోపే ఉంటుంది ఆ ఊరు. ఇప్పుడు కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లా తీరంలోనే, ముత్యాల వేట సాగించే పరవర్ల మధ్య ఆయన జీవితం గడిచింది. తమిళం నేర్చుకుని, ‘తంబిరాన్ వణక్కం’ అనే చిన్న పుస్తకాన్ని 1578లో కొల్లంలో అచ్చు వేయించి, 1600లో పున్నైకాయల్‌లో కన్నుమూశాడు. సెరెనోకు ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువే. అయినా పోర్చుగల్‌లో ఆ మూల నుంచి ఈ మూలకు ఇంత పాత దారి ఉండటం సరదాగా లేదూ!

తీరం నుంచి లోపలికి వస్తే వలస కథ తెలుగులోకి మారుతుంది. మదురై నాయకరాజుల కాలంలోనూ ఆ తర్వాతా కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకర్లు ఈ నల్లరేగడిని వెతుక్కుంటూ వచ్చారు. ఇళ్లలో తెలుగు, రాతలో తమిళం. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్ రైతు, రచయిత కి. రాజనారాయణన్ ఆ ప్రయాణాన్నే ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశాడు. దాని కొనసాగింపుకు 1991 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కోయంబత్తూరు తెలుగు కుటుంబానికి చెందిన లక్ష్మీ మిల్స్ కోవిల్‌పట్టికీ వచ్చింది. జి. వెంకటస్వామి నాయుడు పేరిట 1966లో ఇక్కడ కాలేజీ వెలిసింది.

అయితే కోవిల్‌పట్టి హాకీ కుర్రాడు కోరుకునేది సెరెనో బతుకు కాదు. దాదాపు దానికి వ్యతిరేకం. మన దేశంలో హాకీ ఆటగాడికి చాలాకాలం అన్నం పెట్టినవి క్లబ్బులు కావు, రైల్వే, పోలీసు, బ్యాంకు, సైన్యం. బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, మోకాలు పోయినా నెల తిరిగేసరికి జీతం. పక్కా కొలువు లేని ఇళ్ల పిల్లలకు ఇది పతకం కన్నా తక్కువేం కాదు. ఇక్కడి మైదానంలో ఎదిగిన మారీశ్వరన్ శక్తివేల్, అరియలూరు నుంచి ఇక్కడికొచ్చి శిక్షణ పొందిన కార్తీ సెల్వం 2022 ఆసియా కప్‌లో జకార్తా వేదికగా భారత జట్టుకు ఆడారు. పాకిస్తాన్‌తో 1-1 డ్రా అయిన మ్యాచ్‌లో మన గోల్ కార్తీదే. జట్టు కాంస్యంతో తిరిగొచ్చింది.

సెరెనో 2017లో చెన్నైయిన్ ఎఫ్‌సికి వచ్చేసరికి లీగ్ కాస్త నిడివి పెంచుకుని నవంబర్ నుంచి మార్చి దాకా సాగింది. కోచ్ జాన్ గ్రెగరీ ఆయన్ని కెప్టెన్‌ను చేశాడు. 2018 మార్చి 17న బెంగళూరులో, ఆ ఊరి జట్టుతోనే ఫైనల్. తొమ్మిదో నిమిషంలో సునీల్ ఛెత్రి గోల్ కొట్టాడు. దానికి జవాబు చెప్పింది మళ్లీ వెనకవరసే: బ్రెజిల్ డిఫెండర్ మైల్సన్ ఆల్వెస్ రెండు కార్నర్లను రెండు గోల్స్‌గా మార్చాడు. రఫాయెల్ అగస్టో మూడోది వేశాడు. 3-2తో కప్పు చెన్నైది. పదిహేను నెలల తేడాలో రెండు ఊళ్లకు రెండు టైటిళ్లు, సెరెనో భారత ప్రయాణానికి ఇదీ లెక్క.

ఆ రోజు ఓడిన బెంగళూరు రక్షణలో ఉన్న స్పెయిన్ ఆటగాడు హువానన్ తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సికి వచ్చాడు. 2022 మార్చి 20న గోవాలో ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది. ఇక్కడ తిరిగింది ఆటగాడొక్కడే కాదు. పుణె జట్టు మూతపడితే 2019లో ఆ స్థానంలో హైదరాబాద్‌కు వచ్చిన క్లబ్బు అది. 2025లో మళ్లీ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయి, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని మార్చుకుంది.