గోదావరి డెల్టాలో పని ముగిసిన కట్టడములు – వాని ఛాయాచిత్రములు

1997వ సంవత్సరమున రాజమహేంద్రవరము వద్ద హేవలాకు వంతెనపై రైళ్ళు ఆగిపోయినవి. అంతకు మున్ను దాదాపు నూరేండ్లు మద్రాసు నుండి కలకత్తా పోవు బండ్లు ఆ ఇనుప దూలముల మీదుగనే నదిని దాటెడివి. బండి వంతెన నెక్కగానే పెట్టెలోని వారెల్లరు కిటికీల చెంతకు జరిగి, గోదావరి తల్లికి కాసులు విసరి కన్నుల కద్దుకొనెడివారు. ఆ ఆచారము ప్రక్క వంతెనలపై నేటికిని సాగుచున్నది. పాత వంతెన మాత్రము మూగవోయినది. అయితే రైళ్ళు ఆగిన పిమ్మట దాని చెంతకు వేరొక తెగ యాత్రికులు వచ్చుట మొదలిడిరి. వీరు పుష్కరములకు వచ్చువారు కారు, పిండప్రదానములకు వచ్చువారును కారు. మెడలో కెమేరా వ్రేలాడవేసికొని తెల్లవారక మునుపే వచ్చి, త్రుప్పు పట్టిన దూలములను, నీటి గుర్తులు పడిన రాతి స్తంభములను ఛాయాచిత్రములు తీసికొని పోవుదురు. మరల ఏడాదికి వత్తురు. అదే స్తంభమును అదే చోట నిలిచి మరల తీయుదురు.

ఇన్ని కొబ్బరితోటలు, ఇన్ని పంటచేలు కన్నుల పండువుగా నుండగా ఈ త్రుప్పు ఇనుమేల అని గట్టు మీది వారు అడుగుదురు. ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానము ఈ కట్టడముల చరిత్రలోనే యున్నది.

హేవలాకు వంతెన పని 1897లో ఆరంభమై 1900లో ముగిసినది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాకు పేరు దానికి పెట్టిరి. కట్టించిన ఇంజనీరు వాల్టన్ దొర. కాశీలో గంగపై డఫరిన్ వంతెనను నిర్మించినదియు ఆయనయే. 56 ఖానాలు, ఖానా యొకటికి సుమారు 150 అడుగులు, మొత్తము పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. అంతవరకు కొవ్వూరున బండి దిగినవారు నదిని నీటి మీదనే దాటి, ఆవలి యొడ్డున మరల బండి యెక్కవలసి వచ్చెడిది. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చినది. 1997లో కాంక్రీటు విల్లుల వంతెన వచ్చినది. దానితో పాత వంతెనకు విశ్రాంతి దొరకినది. దూలముల నూడదీసి పాత ఇనుముగా అమ్మవలయునని కొందరు, నడకదారిగ నిలుపవలయునని కొందరు ఏండ్ల తరబడి వాదించిరి. ఈ వాదము సాగినంత కాలమును కెమేరావారు తమ పని తాము చేసికొనుచునే యుండిరి.

ఛాయాచిత్రకళకును ఈ డెల్టాకును ఒక విచిత్రమైన కాలసంబంధము కలదు. 1839 ఆగస్టు 19వ తేదీన పారిసు నగరమున డాగేరు కనిపెట్టిన ఛాయాచిత్ర విధానమును లోకమునకు వెల్లడించిరి. ఆ యేటనే నవంబరు 25న తుపాను, ఉప్పెన కలిసి కోరంగి రేవును ముంచివేసినవి. 1789 ఉప్పెననుండి ఎట్లో తేరుకొన్న పట్టణమది. ఓడల మరమ్మతులకు తాళ్ళరేవు, వర్తకమునకు కోరంగి అని పేరు పొందిన సీమ. బర్మాలో తెలుగువారినే కోరంగీలని పిలుచునంతటి ప్రఖ్యాతి దానిది. 1839 తరువాత ఆ రేవు మరల లేవలేదు. వర్తకము కాకినాడకు పోయినది. కనుక కెమేరా పుట్టిన యేడే కోరంగి గిట్టినది. ఆ రేవు నిండుగా ఉన్ననాటి ఛాయాచిత్ర మొక్కటియు ఉండుట కవకాశమే లేకపోయినది. నరసాపురము చెంత మాధవాయపాలెము స్థితియు అట్టిదే. ఇంగ్లీషువారి వర్తకశాల అచ్చటనే యుండెను. ఆ పేరే తిరిగి "మదపొల్లాము" అను బట్టగా మారి ఐరోపా ఖండమున చెలామణి అయ్యెను. బట్ట పేరు నిలిచినది, ఊరి రూపు మాత్రము ఏ చిత్రమునను మిగులలేదు.

కెమేరా వచ్చిన తరువాత పాడుపడిన వానికైనను ఆ దుర్గతి పట్టకూడదన్నదే ఈ అభిరుచికి మూలము. లోకమున దీనిని జీవితవ్రతముగా పట్టిన దంపతులొకరు కలరు. జర్మనీ దేశీయులైన బెర్న్ బెఖర్, హిల్లా బెఖర్ 1959 మొదలు దాదాపు ఐదు దశాబ్దములు రూరు సీమలోని ఇనుప కొలుములను, గనుల గోపురములను, నీటితొట్ల స్తంభములను ఛాయాచిత్రములు తీసిరి. మబ్బు కమ్మిన దినము కొరకు వేచి, నీడ పడకుండ, ఒకే తీరున తీయుట వారి పద్ధతి. వారు తీసిన పిదప ఆ కొలుములలో అనేకములు నేలమట్టమైనవి. 1990లో వెనీసు ప్రదర్శనమున వారికి శిల్పమునకిచ్చు బహుమతి నొసగిరి. ఛాయాచిత్రములకు శిల్పపు బహుమతి యేమని నవ్విన వారునుండవచ్చును. కాని ఆ చిత్రములను చూచినవారికి అది వింతగా తోచదు. వారి చిత్రములలో మనుష్యులు కానరారు. ఈ యొక్క విషయమున మాత్రము డెల్టా వారు బెఖరు దంపతుల ననుసరింపకుండుటే మేలు.

ఏలన, ఇచ్చటి కట్టడములలో మనుష్యుని చేయి పడని రాయి లేదు. కాలువ లాకులను చూడుడు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టతో కాటన్ దొర పొలములకు నీరు మాత్రమే ఈయలేదు. పడవలకు బాట కూడ ఇచ్చెను. కాలువ మట్టము మారిన చోటనెల్ల లాకు కట్టిరి. పడవ రెండు జతల తలుపుల నడుమ నున్న గదిలో చొచ్చును. వెనుక తలుపులు మూయుదురు. తూముల గుండ నీరు వదలగా గదిలోని నీరు మెల్లగా పైకెక్కును, పడవయు దానితో లేచును. రెండు మట్టములు సమమైనప్పుడు గాని ముందరి తలుపులు కదలవు. అంతవరకు నీటి ఒత్తిడియే వానిని బిగించి యుంచును. దిగువకు పోవు పడవకు ఇదే పని తారుమారుగా జరుగును. వరి బస్తాలు, కొబ్బరికాయలు, కలప, పెండ్లివారు సమస్తము ఈ మార్గముననే నడచెడివి. గాలి లేనప్పుడు పడవవారు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. రాజమహేంద్రవరమున పడవ యెక్కినవాడు ఏలూరు, బెజవాడల మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు వరకు నీటి మీదనే పోగలిగిన కాలమది.

లారీలు వచ్చినవి, పడవలు పోయినవి. నేడు పలు లాకుల వద్ద గుర్రపుడెక్క పేరుకొని, తలుపుల ఇరుసులు బిగిసి, లస్కర్ల ఇండ్లపై రావిమొక్కలు మొలచినవి. రాతి అంచులపై త్రాళ్ళు రాచి రాచి పడిన గాడులు అచ్చటచ్చట మిగిలి యున్నవి. వ్రేలు పెట్టి చూచిన దిగును. ఏ దస్త్రమునందును ఈ గాడుల ప్రసక్తి యుండదు. మంచి ఛాయాగ్రాహకుడు ప్రొద్దుటి ఏటవాలు వెలుగున వానిని పట్టుకొనును. మిట్టమధ్యాహ్నమున అవి కంటి కానవు.

కోనసీమలో గన్నవరము అక్విడక్టు కథయు చెప్పదగినదే. వైనతేయ పాయమీదుగా నగరము లంకకు నీరు కొనిపోవుటకు 1852–53లో 49 కమానులతో దీనిని కట్టిరి. దాదాపు నూటయేబది యేండ్లు అది పనిచేసెను. 2000లో క్రొత్తది వచ్చినది. దానికి ఆ గ్రామముననే అన్నదానము చేసి కీర్తిగాంచిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుట ఎంతయు ఉచితము. పాత కమానులకు పని లేకపోయినది. కాకినాడ–కోటిపల్లి రైలుదారి వృత్తాంతము ఇంకను విచిత్రము. 1928లో వేసిన పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఊడదీసి పట్టుకొని పోయిరి. 2004లో మరల వేసిరి. నడుమ అరువదేండ్లు పైబడి ఆ కట్ట వట్టిగ పడియుండెను. ఆనాటి ఆ వట్టి కట్టను చిత్రము తీయవలెనని ఎంతమందికి తోచియుండును?

నిన్నటి కట్టడములు సైతము పాతవైపోవుచున్నవి. వేమగిరి, దేవరపల్లి ప్రాంతములలో సహజవాయువును నమ్ముకొని కట్టిన విద్యుత్కేంద్రములు 2013 నాటికి వాయువు అందక మూలపడినవి. లాకులు నూరేండ్లు పనిచేసి అలసినవి. వీనికి అలసట యన్నదే తెలియకపోయెను.

ఈ అభిరుచి కలవారికి కష్టములు లేకపోలేదు. పాడుపడిన చోట పాములుండును, పుచ్చిన చెక్కలుండును. వంతెనపై పలకలు ఊడినచోట క్రింద నది తప్ప వేరేమియు లేదు. అనుమతి లేక చొరబడుట శౌర్యము కాదు, నేరము. ఇంతకంటె పెద్ద శత్రువు ఈ సీమ గాలియందలి చెమ్మ. 1960 దశకమున ఆగ్ఫా క్లిక్ పెట్టెతో, చుట్టకు 12 చొప్పున తీసిన చిత్రములెన్నియో బూజు పట్టి పోయినవి. 1986 ఆగస్టు వరదలోను, 1996 నవంబరు 6వ తేదీ తుపానులోను ఇండ్లతో పాటు గోడల మీది పటములును కొట్టుకొని పోయినవి. 1960లో ఉదకమండలమున స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి కర్మాగారము, "ఇందు" అను పేర ఫిలిము తయారుచేసి దేశమంతట అమ్మిన సంస్థ, తానే మూతపడినది. పాడుపడిన వానిని పట్టుటకు ఉపకరించిన ఫిలిమే పాడుపడినదన్న మాట.

చిత్రము మిగిలినను, వెనుక ఊరు, తేదీ, పనివారి పేర్లు వ్రాయని చిత్రము సగము మూగది. లాకు తలుపు త్రిప్పిన లస్కరుకు ఆ ఇనుములో ప్రతి భాగమునకును ఒక పేరు తెలియును. ఆ పేర్లు ఇంజనీర్ల పుస్తకములలో ఉన్నవి కావు. తండ్రి నుండి కొడుకునకు వచ్చినవి. అట్టివారు ఊరికొకరిద్దరు మిగిలి యున్నారు. చిత్రము తీయ వచ్చినవారు వారితో ఒక పూట కూర్చున్న, ఆ చిత్రము విలువ పదింతలగును.

2025లో అఖండ గోదావరి పథకము క్రింద హేవలాకు వంతెనను యాత్రికులు చూచుటకు అనువుగా పునరుద్ధరించు పనికి శంకుస్థాపన జరిగినది. త్రుప్పు గీకి రంగు వేసినచో, ఇరువది యెనిమిదేండ్లు మూగగా నిలిచిన ఆ ఇనుము రూపము ఇక పటములలోనే మిగులును. ఆ కాలమంతయు ఏటేట అదే స్తంభము చెంత నిలిచినవారి పెట్టెలలో ఆ పటములు ఉన్నవి.